చదివే రాశారు

గురజాల నుంచి నడికుడి వెళ్ళే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక ఊరి జడ్పీ హైస్కూలుకు నేను ఇంగ్లీషు టీచరుగా బదిలీ మీద వచ్చాను. మొదటి వారమంతా పట్టరాని సంతోషం నాకు. పదో తరగతి పిల్లల్ని పాఠం కింద ఏ ప్రశ్న అడిగినా తడుముకోకుండా చెప్పేస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రుల్లో సగం మంది నాపరాయి క్వారీల్లో పనిచేస్తారు. మిగతావాళ్ళు మిరప చేలకో పత్తి చేలకో వెళ్తారు. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినపడే వీలే లేదు. అయినా ఇంత బాగా చెబుతున్నారంటే ముందున్న టీచరు ఎంత కష్టపడ్డారో అనుకున్నాను.

రెండో వారంలో పుస్తకంలో లేని పేరా ఒకటి బోర్డు మీద రాసి, కింద నాలుగు ప్రశ్నలిచ్చాను. ఒక ముసలాయన తన పాత గోడ గడియారాన్ని అయిష్టంగా పక్కింటివాళ్ళకు ఇచ్చేయడం గురించిన చిన్న కథ అది. కాగితాలు దిద్దితే అన్నీ సరైన జవాబులే. ముందు బెంచీలో కూర్చున్న పిల్లవాణ్ని లేపి, "ముసలాయన గడియారాన్ని ఏం చేశాడ్రా?" అని తెలుగులో అడిగాను.

వాడు అటూ ఇటూ చూశాడు. "ఏ గడియారం టీచర్?"

"నువ్వు రాసిందే కదరా. నీ కాగితంలోనే ఉంది."

"అర్థం కూడా చెప్పాలా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

వెనక బెంచీ నుంచి ఇంకొకడు అందుకున్నాడు. "ఏంది టీచర్, పరీక్షలో అర్థం అడగరు గదా!"

అప్పుడు తెలిసింది వాళ్ళ కిటుకు. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతుకుతారు. అది దొరికిన వాక్యాన్ని ఫుల్‌స్టాప్ దాకా దించేస్తారు. చదవాల్సిన పనే లేదు. ట్యూషన్లో ఎవరో నేర్పారట. మార్కులు వస్తున్నాయి కాబట్టి అదే చదువు అనుకుంటున్నారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు. పరీక్ష ఎలా అడిగితే వాళ్ళు అలా నేర్చుకున్నారు, అంతే.

మర్నాడు పొద్దున ఆటోలో వస్తూ బుర్రలో కొన్ని మాటలు పుట్టించాను. క్లాసుకు వెళ్ళగానే బోర్డు మీద తెలుగులోనే రాశాను: "చిమకడు పొద్దున్నే బొరటలో లుటుకును గిప్పాడు. అందువల్ల వాడి తొంబడి జివురుకుంది."

"ఇప్పుడు చెప్పండి. చిమకడు ఎక్కడ గిప్పాడు?"

"బొరటలో!" అందరూ ఒక్కసారే అరిచారు.

"దేన్ని గిప్పాడు?"

"లుటుకును!"

"తొంబడి ఎందుకు జివురుకుంది?"

ముందు బెంచీ వాడు లేచి నిలబడి, "చిమకడు లుటుకును గిప్పినందువల్ల టీచర్" అన్నాడు గర్వంగా.

"శభాష్. అందరికీ నూటికి నూరు. సరే, ఇంతకీ ఏం జరిగింది?"

అందరూ బోర్డును మళ్ళీ మొదటి నుంచి చదివారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒక్కో బెంచీ దాటి వెనక దాకా పాకింది. కిటికీ పక్కన కూర్చునే ఒక పొడుగాటి అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల తల్లి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కోతల కాలంలో చేలకు వెళ్తుంది. ఇంట్లో ఉండేది తల్లీ కూతురే.

"ఏమీ జరగలా టీచర్. మమ్మల్ని ఎర్రోళ్ళని చేశారు" అంది ఆ పిల్ల.

"ఎర్రోళ్ళు మీరు కాదే. అలాంటి పరీక్షలు పెట్టే మేము" అన్నాను.

ఆ రోజు నుంచి మా క్లాసులో పరీక్ష తీరు మారింది. పేరాలో ఉన్న వాక్యాన్ని దించితే సరిపోయే ప్రశ్న అడగనని మాటిచ్చాను. మొదట్లో పిల్లలకు చుక్కలు కనిపించాయి. మాటల అర్థాల దగ్గరే ఆగిపోయేవారు. పడవ కరెంటులో కొట్టుకుపోయిందని పేరాలో ఉంటే, ఏటి ప్రవాహం అని వాళ్ళకేం తెలుసు? "షాక్ కొట్టి పడవ పోయింది టీచర్" అని రాశాడొకడు. సినిమా బోరింగ్‌గా ఉందంటే సినిమా హాలు దగ్గర బోరు వేస్తున్నారని ఒకమ్మాయి రాసింది. పిల్లలు యార్డులో ఆడుకుంటున్నారంటే మిరపకాయల యార్డులో టిక్కీ బస్తాల మీద ఎగురుతున్నారన్నారు. నేను నవ్వాపుకోలేక బోర్డు వైపు తిరిగేదాన్ని. కానీ ఆలోచిస్తే వాళ్ళ తప్పేమీ కనిపించలేదు. వాళ్ళకు ఇంగ్లీషు రాదని అనుకుంటున్నాం గానీ వందల మాటలు వచ్చు. ఒక్కో మాటకు ఒక్కో అర్థమే వచ్చు, అంతే. "మాట అర్థం కాకపోతే పక్క మాటల్ని అడగండి. పడవ ఉంది, నీళ్ళున్నాయి, అక్కడికి కరెంటు స్తంభం ఎందుకొస్తుంది?" అనేదాన్ని. రానురాను ఆ అడగడం వాళ్ళకు అలవాటైంది.

గ్రామరూ అంతే. కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చమంటే 'బై' తగిలించి క్షణంలో మార్చేవారు. "ఎద్దు కుర్రవాడి చేత తరమబడింది" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో రాసి, ఇద్దరిలో ముందు పరుగెడుతున్నది ఎవరని అడిగితే సగం మంది కుర్రవాడే అన్నారు. బొమ్మ గీయమన్నాను. ఎద్దు వెనక కుర్రవాణ్ని గీసినవాళ్ళకే మార్కు. డ్రాయింగు రానివాళ్ళు గోల చేశారు. ఎద్దుకు కొమ్ములుంటే చాలు, మార్కు ఇస్తానన్నాను.

అలా సాగుతుండగా, పిల్లలకు బాగా తెలిసిన విషయం మీద పేరా ఇస్తే ఇష్టంగా చదువుతారని నాకు తోచింది. మిరప సాగు మీద సొంతంగా ఒక పేరా రాశాను. కాయ ఎప్పుడు కోస్తారు, కళ్ళంలో ఎలా ఆరబెడతారు, వాన పడితే ఏమవుతుంది, రంగు పోయిన తాలుకాయను ఎందుకు ఏరేస్తారు. అందరికీ మంచి మార్కులొచ్చాయి. కాగితాలు పంచుతుంటే కిటికీ పక్క అమ్మాయి లేచింది.

"టీచర్, నేను పేరా చదవలా."

"మరి ఎలా రాశావే?"

"ప్రశ్నలు చూసి రాశా. కాయ ఎట్టా ఆరబెడతారో మాకు తెలవదా ఏంది? ఇంగ్లీషు వస్తే మా అమ్మైనా రాస్తది ఇది. దీన్ని చదివే పరీక్ష అని ఎందుకంటున్నారు?"

పక్కనున్నవాళ్ళు కూర్చోమని ఆ పిల్ల చెయ్యి లాగారు, టీచరుకు కోపం వస్తుందని. నాకు కోపం రాలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అర్థం చేసుకోకుండా రాయగలిగితే అది పరీక్ష కాదు. చదవకుండా రాయగలిగినా కాదు. ఆ రెండో సంగతి నాకు ఆ పిల్ల చెప్పింది.

"సరే, నువ్వే పెట్టు పరీక్ష" అన్నాను. "అందరూ పెట్టండి. నాలుగు జట్లుగా కూర్చోండి. ఒక జట్టు పేరా రాసి ప్రశ్నలు అడగాలి, ఇంకో జట్టు రాయాలి."

పరీక్ష రాయమంటే మూతి ముడుచుకునే పిల్లలు, పరీక్ష పెట్టమనేసరికి రెచ్చిపోయారు. అవతలి జట్టును ఎలాగైనా పడగొట్టాలని డిక్షనరీ లాక్కునేవారు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా గుసగుసలే. తప్పుడు స్పెల్లింగులు లెక్కలేనన్ని ఉండేవి. వాటిని దిద్దుతూ కూర్చునేదాన్ని గానీ, ప్రశ్నల జోలికి మాత్రం వెళ్ళేదాన్ని కాదు. కొన్నాళ్ళకు కిటికీ పక్క అమ్మాయి ఒక పేరా రాసింది. ఒక అవ్వ నడికుడి జంక్షన్లో గుంటూరు బండి కోసం కూర్చుంది. కృష్ణానది హైదరాబాదు వెళ్ళే దారిలో ఉంది, గుంటూరు దారిలో లేదు. అవ్వ కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయింది. బండి రాగానే ఎక్కి కూర్చుంది. కాసేపటికి కిటికీలోంచి కృష్ణమ్మ కనపడితే దండం పెట్టుకుని, తర్వాత ఘొల్లుమంది. ప్రశ్న ఒక్కటే: "అవ్వ ఎందుకు ఏడ్చింది?"

జవాబు ఏ వాక్యంలోనూ లేదు. కానీ పేరా మొత్తంలో ఉంది. అవతలి జట్టు తల బద్దలు కొట్టుకుంది. చివరికి వాళ్ళలో ఒకడు బల్ల మీద చరిచి, "రాంగ్ ట్రైన్! రాంగ్ ట్రైన్ ఎక్కింది అవ్వ!" అని కేకపెట్టాడు. పక్క క్లాసు లెక్కల మాస్టారు పరుగెత్తుకొచ్చారు, ఏమైందోనని.

ఇంకో జట్టు పేరాలో అసలు లేని సంగతి ప్రశ్నగా ఇచ్చింది. దాని మీద పెద్ద గొడవ. "లేనిది అడగటం మోసం టీచర్" అని వీళ్ళు. "లేదని రాస్తే సరిపోయె గదా, చదివితే తెలిసేది" అని వాళ్ళు. గొడవ విని విని నేను తీర్పు చెప్పాను. లేదని కనిపెట్టడం కూడా చదవడమే, కాబట్టి ఆ ప్రశ్న చెల్లుతుంది.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పరీక్షలు జరిగాయి. ఆ ఏడు మా జవాబు పత్రాలను పక్క మండలంలో దిద్దించారు. ఇంగ్లీషులో చదివి రాసే భాగంలో మా పిల్లల్లో దాదాపు అందరికీ నిండా మార్కులు వచ్చాయి. నేను సంతోషపడే లోపే హెడ్మాస్టరు గారు పిలిచారు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ, నెమ్మదైన మనిషి ఆయన. ముఖం వాడిపోయి ఉంది.

"పై నుంచి ఫోన్ వచ్చిందమ్మా. మీ పిల్లలు చూచి రాశారా, ఎవరైనా బోర్డు మీద జవాబులు రాసి పెట్టారా అని అడుగుతున్నారు. విద్యాశాఖ ఆఫీసరు గారు రేపు స్వయంగా వస్తారట." రిజిస్టరు పక్కకు నెట్టి, "మార్కులు తక్కువొస్తే మెమో, ఎక్కువొస్తే ఎంక్వైరీ. ఎన్ని తెచ్చుకోవాలో వాళ్ళే చెబితే పీడాపోను" అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. పిల్లలు బెదిరిపోతే? కొత్త మనిషి ఎదురుగా నిలబడితే వచ్చింది కూడా మరిచిపోతే?

మర్నాడు ఆఫీసరు గారు, ఆయనతో పాటు వేరే బడిలో ఇంగ్లీషు చెప్పే ఒక మాస్టారు వచ్చారు. హాజరు చూస్తే కిటికీ పక్క అమ్మాయి లేదు. కోతల కాలం కదా, తల్లితో చేలోకి వెళ్ళింది. నిండా మార్కులొచ్చిన పిల్ల ఒకతె లేకపోయేసరికి మాస్టారు అదోలా నవ్వారు. హెడ్మాస్టరు గారు ఆ తల్లికి ఫోన్ చేశారు. మిగతా పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టే లోపు ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. తల్లీ కూతురూ తలగుడ్డలతోనే దిగారు. వాళ్ళ వెంట వచ్చిన మిరప ఘాటుకు వరండాలో ఉన్న మేమంతా తుమ్మాం.

ఆ తల్లి నేరుగా ఆఫీసరు గారి ముందుకు వెళ్ళి నిలబడింది. "ఏంది సారూ, మా పిల్ల కాపీ కొట్టిందంటనా?"

"అలా అనలేదమ్మా. ఒకసారి మా ఎదురుగా రాస్తే చూసి వెళ్దామని."

"చూడండి. చానా బాగా చూడండి. అది అబద్ధం ఆడదు. ఆడేదే అయితే, ఉన్నమాట మొహానే అని ఇంట్లో నన్ను ఇన్ని మాటలు అనేదా?"

ఆఫీసరు గారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. అమ్మాయి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. కాయ మంట నీళ్ళకు పోదు. ఎర్రగా ఉన్న అరచేతులను పావడాకు తుడుచుకుని లోపలికి వెళ్ళి తన చోట కూర్చుంది. నన్ను క్లాసులోకి రావద్దన్నారు. నేనూ ఆ తల్లీ వరండాలో నిలబడ్డాం.

ఆఫీసరు గారు తన బ్యాగులోంచి ఆ రోజటి ఇంగ్లీషు న్యూస్‌పేపరు తీసి, అందులోంచి ఒక పేరాను మాస్టారి చేత బోర్డు మీద రాయించారు. సముద్రపు తాబేళ్ళ గురించి. అవి చీకట్లో ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రాగానే వెలుతురు ఉన్న వైపు వెళ్తాయి. అందుకని ఒడ్డున ఉన్న దుకాణాలవాళ్ళు ఆ రోజుల్లో దీపాలు ఆర్పేస్తున్నారు. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారని! కిటికీలోంచి ప్రశ్నలు చూశాను. దుకాణాలవాళ్ళు దీపాలు ఎందుకు ఆర్పారు? ఇక్కడ 'నెస్ట్' అంటే ఏమిటి? గుడ్లు కాపాడుతున్నది ఎవరు? చివరి ప్రశ్న మరోసారి చదివాను. తాబేలు ఎన్నేళ్ళు బతుకుతుంది? పేరాలో ఆ ఊసే లేదు. ఆఫీసరు గారు కావాలనే పెట్టారని అర్థమైంది. ఎవరైనా తోచిన అంకె వేస్తే, ఒకరిది చూసి ఇంకొకరు వేస్తే, ఇట్టే దొరికిపోతారు.

"ఏమంటున్నాడమ్మా లోపల?" అని ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"తాబేళ్ళ గురించి అడుగుతున్నారు."

"తాబేళ్ళా?" ఆవిడ నిట్టూర్చింది. "అవి మా పిల్లకేం తెలుసమ్మా? మిరపకాయ గురించి అడగరాదూ!"

"తెలియకపోవడమే మంచిది. చదివి రాస్తుంది" అన్నాను. ధైర్యం చెప్పింది ఆవిడకో నాకో తెలియదు.

పరీక్ష అయ్యాక ఆఫీసరు గారూ మాస్టారూ కాగితాలు తీసుకుని స్టాఫ్ రూములో కూర్చున్నారు. ఈసారి నన్నూ రమ్మన్నారు. మాస్టారు ఒక్కో కాగితం తిప్పుతున్నారు. కాసేపటికి ఆయన పెదవుల మీది నవ్వు పోయింది. ఇంకాసేపటికి మళ్ళీ వచ్చింది గానీ అది వేరే నవ్వు. "సార్, ఇది వినండి" అని చదివారు. "నెస్ట్ అంటే పిట్ట ఇల్లు కాదు. ఇసుకలో గొయ్యి." అది ఇంగ్లీషులో నాలుగు తప్పులతో ఉంది, కానీ సంగతి మాత్రం తిరుగులేనిది.

చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు గారే కాగితాలు లాక్కున్నారు. ఎవరూ అంకె వేయలేదు. పేరాలో లేదని ఒకరు రాశారు. రాసినాయన చెప్పడం మరిచాడని ఒకరు. "ఆస్క్ ది టర్టిల్" అని ముందు బెంచీ వాడు రాశాడు, తాబేలునే అడగండి అని. ఏ రెండు జవాబులూ ఒకలా లేవు. తప్పులు కూడా ఎవరివి వాళ్ళవే. ఆఫీసరు గారు పగలబడి నవ్వారు. హెడ్మాస్టరు గారు మొదట భయంగా, తర్వాత ధైర్యంగా నవ్వారు.

ఒక కాగితం దగ్గర మాత్రం ఆఫీసరు గారు ఆగిపోయారు. మాకు వినపడేలా చదివారు. "దీన్నిబట్టి మనం చెప్పలేము. ఇంకో పేరా ఇవ్వండి."

ఆయన లేచి క్లాసుకు వెళ్ళారు. వెనకే మేమంతా. "ఇది ఎవరు రాశారు?" అని అడిగితే కిటికీ పక్క అమ్మాయి లేచింది.

"ఇంకో పేరా ఎందుకమ్మా? పరీక్ష అయిపోయిందిగా?"

"పరీక్షకి కాదు సార్. తాబేలు ఎన్నేళ్ళు బతుకుద్దో తెలుసుకోవాలనిపించింది."

 ఆయన చేతిలో ఉన్న న్యూస్‌పేపరు మడిచి ఆ పిల్లకు ఇచ్చారు. "మొత్తం చదువు. దొరక్కపోతే మీ టీచరుగారికి ఫోన్ ఉందిగా, అందులో వెతికి చదువు." ఆ తర్వాత క్లాసు వైపు తిరిగి, "మీరు చదివే రాశారు. నేను వచ్చిన పని అయిపోయింది" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టలేదు. ఏకంగా బల్లలు వాయించారు. వరండాలో ఉన్న ఆ తల్లి నా దగ్గరకొచ్చి, "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని భుజం కుదిపింది. చెప్పాను. ఆవిడ తలగుడ్డ విప్పి కళ్ళు తుడుచుకోబోయి, కాయ కోసిన గుడ్డ అని గుర్తొచ్చి ఆగి, నా కొంగు తీసుకుని తుడుచుకుంది.

కొన్ని వారాలకు పక్క బడుల ఇంగ్లీషు టీచర్లు వచ్చి మా క్లాసులో కూర్చున్నారు, పిల్లలు ప్రశ్నలు ఎలా తయారు చేస్తారో చూడటానికి. వాళ్ళకు పిల్లలే పరీక్ష పెట్టారు. ఆ రోజు వచ్చిన మాస్టారు కూడా రాశారు. ఆయన అవ్వ కథలో పడ్డారు, లేవలేకపోయారు. పిల్లల సంబరం అంతా ఇంతా కాదు.

పబ్లిక్ పరీక్షల ఫలితాలు ఎండలు ముదిరిన రోజుల్లో వచ్చాయి. ఇంగ్లీషులో మా వాళ్ళు ఒక్కరూ తప్పలేదు. కిటికీ పక్క అమ్మాయికి బడి మొత్తంలో ఎక్కువ మార్కులొచ్చాయి. ఇంటర్లో చేరడానికి నరసరావుపేట వెళ్తానని పట్టుబడితే తల్లి కాదనలేదు. హెడ్మాస్టరు గారి ఫోన్ చుట్టూ మూగి పిల్లలు ఒకరి మార్కులు ఒకరు అరుస్తుంటే, ఒక పిల్లవాడి తండ్రి క్వారీ నుంచి ఖాళీ ట్రాక్టరుతో వస్తూ గేటు ముందు ఆగాడు.

"ఏందిరా ఈ గోల?"

"అందరం పాసయ్యాం!"

"అయితే ఎక్కండి!"

ట్రాక్టరు వెనక ట్రక్కు నిండా పిల్లలు ఎక్కారు. నన్ను ఎక్కమని చేతులు పట్టి లాగారు. నేను ఎక్కాక, ఏనాడూ గట్టిగా మాట్లాడని హెడ్మాస్టరు గారు కూడా పంచె ఎగ్గట్టి చక్రం మీద కాలు పెట్టి ఎక్కేశారు. ఊరి వీధులన్నీ తిరిగాం. జనం అరుగుల మీదికొచ్చి, "ఏంది, పెళ్ళా?" అని అడిగితే పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పారు. బస్‌స్టాండు సెంటర్లో బండి ఆపి అందరం సోడాలు తాగాం. ముఖాల మీద దుమ్ము, ఎర్రబారిన ఎండ, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతులు. టీచరు ఉద్యోగంలో నేను అంత దర్జాగా ఎప్పుడూ ఊరేగలేదు.